మూడోసారి గీసిన బొమ్మ

“గునపం నేనే పట్టుకుంటాను. నువ్వు దీపం చూపించు చాలు,” అన్నాడు ప్రొఫెసరు, పై మెట్టు దగ్గరే ఆగిపోయి.

కిందికి నలభై మెట్లు. రాతిని తొలిచి ఎప్పటివాళ్లో చేసిన గదులు. వాటి మీద ఆయన రాసిన పుస్తకం ఇరవై రెండేళ్లుగా ప్రతి విద్యార్థి బల్ల మీదా ఉంది. ఆయన మాత్రం ఒక్కసారీ దిగిన పాపాన పోలేదు. ఇరుకంటే ఆయనకు పై ప్రాణాలు పైనే పోతాయి. లిఫ్టు కూడా ఎక్కడు మహానుభావుడు.

దిగిందల్లా ఆయన భార్య. ఆవిడ దిగి, కొలిచి, బొమ్మలు గీసి తెచ్చేది. ఆయన గుడారంలో ఫ్యాను కింద కూర్చుని, ఆ బొమ్మలు చూసి రాసేవాడు. “నా కళ్లు నీ చేతిలో ఉన్నాయోయ్,” అనేవాడు. పుస్తకం మీద పేరు మాత్రం ఆయనొక్కడిదే. రెండో ముద్రణలో నీ పేరు వేయిస్తాగా అన్నాడు. ఏడు ముద్రణలయ్యాయి.

నిన్న ఎనిమిదోది వచ్చింది. బొమ్మల కింద పేరుంది. ఆయన మేనకోడలిది. ఆ పిల్ల ఆవిడ బొమ్మలకే కంప్యూటర్లో రంగులద్దింది.

“చిన్నపిల్ల, ఉద్యోగానికి పనికొస్తుంది. ఈ వయసులో నీకెందుకే పేరు?” అన్నాడు టీ తాగుతూ.

ఆవిడకు ఒళ్లు మండింది. కప్పు తీసుకెళ్లి కడిగింది.

ఇంకో నాలుగు రోజుల్లో ఈ గదులకు ప్రారంభోత్సవం. పెద్దలందరి ముందూ ఆయన లోపలికెళ్లి, రాతి తలుపు తానే మూసుకుని, తానే తెరుచుకుని రావాలి. ఆయన వాదమంతా దాని మీదే నిలబడింది. శత్రువులొస్తే జనం తలదాచుకున్న ఇళ్లివి, లోపలివాళ్లే మూసుకున్నారు, లోపలివాళ్లే తెరుచుకున్నారు అంటాడు. కాదు, వద్దనుకున్న మనుషుల్ని తెచ్చి పడేసిన చోట్లివి అన్నవాళ్లను సభల్లో ఉతికి ఆరేశాడు.

అందరి ముందూ లోపలికి దూరలేకపోతే పరువు పోతుంది. అందుకే ఈ రిహార్సలు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. కారు తనే నడుపుకొచ్చాడు. కాపలావాణ్ని ప్రారంభోత్సవం పొద్దున్నే వస్తే చాలని పంపేశాడు. పై గేటు తాళం ఆవిడ సంచిలో ఉంది.

ఆవిడ కుంటుకుంటూ ముందు దిగింది. ఆయన గోడలు పట్టుకుని దిగాడు.

కింద నడవ. నడవ చివర గుమ్మం. గుమ్మం పక్కన తిరగలి రాయిలా గుండ్రంగా, మనిషెత్తు రాయి. దాన్ని ఓ చీల ఆపి ఉంచింది. చీల లాగితే రాయి దొర్లి గుమ్మాన్ని మూసేస్తుంది. తెరవాలంటే రాయికున్న గుంతలో గునపం పెట్టి వెనక్కి నెట్టాలి. రాయి ఒక ముఖం నడవ వైపు, రెండోది గోడ వైపు; గుమ్మం మూసుకుంటే ఆ రెండోదే గది లోపలి వైపవుతుంది. గోడకూ రాయికీ మధ్య జానెడు సందు.

ఆ రోజుల్లో ఈ రాయి బొమ్మ కోసమే ఆయన ఆవిణ్ని మూడుసార్లు దింపాడు. ఆవిడ కాబట్టి ఆ సందులో పట్టింది. మూడోసారి రాయి జరిగి కాలు నలిగింది. అంత నొప్పిలోనూ బొమ్మ తెచ్చింది. “ఇదే, ఇదే నాక్కావలసింది,” అని ఆయన మురిసిపోయాడు. ఆ సంతోషంలో రెండు పేజీలు రాసుకుని, తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆవిడ రాయి పక్కన చతికిలబడి, అలవాటుగా పెన్సిళ్లు తీసి రాతిలో ఉన్న బొక్కలో గుచ్చింది.

“ఇక్కడ కూడా అలమర పెట్టావూ?” అని నవ్వాడు ఆయన. నవ్వితే కాస్త ధైర్యం వచ్చినట్టుంది. చీలకు తాడు కట్టి, రెండో కొస లోపలికి విసిరాడు.

“వెళ్లేముందు రాయి వెనక ఒకసారి చూడండి,” అంది ఆవిడ.

“నీ బొమ్మ ఉండగా చూసేదేముంది?”

“పోనీ నీళ్ల సీసా పట్టుకెళ్లండి.”

“రెండు నిమిషాల పనికి నీళ్లెందుకే?”

ఆవిడ సీసా సంచిలో పెట్టేసుకుంది. “తొమ్మిదో ముద్రణలోనైనా నా పేరు వేస్తారా?”

“చచ్చేదాకా ఇదే పాటా?” అని విసుక్కుని, గునపం, టార్చీ పట్టుకుని వంగి లోపలికి దూరాడు.

తాడు బిగుసుకుంది. చీల ఊడింది. రాయి దొర్లి గుమ్మాన్ని కప్పేసింది. నడవంతా దుమ్ము.

కాసేపటికి గునపం రాతి మీద జారుతున్న చప్పుడు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు.

“ఏమోయ్, గుంత కనపడట్లేదు. అంతా నున్నగా ఉంది. పైనా కిందా? ఎక్కడ గీశావ్?” గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

ఆవిడ లేచి చీర దులుపుకుంది. రాయితో పాటు జరిగిన బొక్కలోంచి పెన్సిళ్లు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకుంది. దీపం అందుకుని మెల్లగా మెట్లెక్కసాగింది. కింద నుంచి పిలుపులు వస్తూనే ఉన్నాయి.

మొదటి రెండుసార్లూ ఆవిడ గుంతను ఉన్నచోటే, తన పెన్సిళ్లు పెట్టుకునే ఈ బయటి వైపే గీసింది. “తప్పు, అది లోపలి వైపే ఉండి తీరాలి, మళ్లీ దిగు” అని ఆయన మూడోసారి పంపితే, నలిగిన కాలితో పైకొచ్చి, ఆయన కోరినచోట గీసిచ్చింది.