జనాభా లెక్కలావిడ

"ఎన్నో నెలమ్మా?"

బస్టాపు వెనక వంగి వాంతి చేసుకుంటున్న కాలరమ్మ ఉలిక్కిపడి తలెత్తింది.

ఎదురుగా నీలం శాలువా కప్పుకున్న పెద్దావిడ. చేతిలో నీళ్ళ సీసా.

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పని కాబట్టి ఆమెకి కాలరమ్మ అని పేరు పడిపోయింది. ఈ పెద్దావిడకీ ఆ కుట్టేవాళ్ళే ఒక పేరు పెట్టారు. జనాభా లెక్కలావిడ.

నెల రోజులుగా పొద్దున్నే గేటుకి ఎదురుగా ఉన్న బస్టాపులో నిలబడుతోంది. బస్సు దిగిన ప్రతి ఆడమనిషినీ ఒకటే అడుగుతుంది.

"పసిపిల్లలున్నారా అమ్మా? పోనీ, ఏమైనా విశేషమా?"

లేదనగానే ఇంకేమీ అనదు. పక్క మనిషి దగ్గరికెళ్తుంది.

"మా ఆయనకి తీరికెప్పుడో కనుక్కుని చెప్తానండీ" అని ఒకామె అంటే బస్టాపంతా నవ్వింది. నవ్విన వాళ్ళలో చాలామందికి పెళ్ళయింది. ఒక్కరి ఒళ్ళోనూ బిడ్డ లేదు.

ఇవాళ కాలరమ్మకి నవ్వు రాలేదు.

"నెలా లేదు, ఏమీ లేదు. రాత్రి తిన్నది పడలేదు," అంది మూతి తుడుచుకుంటూ.

"భయపడకమ్మా. ఊఁ అని ఒక్క మాట అను. మిగతాది నేను చూసుకుంటాను."

ఊఁ అనాలా?

మూడు నెలలకోసారి కొత్త కాగితం మీద సంతకం పెడితేనే నిలిచే ఉద్యోగం. కిందటేడు గుండీలు కుట్టే అమ్మాయికి కడుపు కనపడిన నెలలోనే ఆ కాగితం రావడం ఆగిపోయింది. ఆఫీసుకి ఎవరు చేరవేశారో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇలా అడిగి చేరవేసే మనిషినే ఎవర్నో ఆఫీసువాళ్ళు అప్పుడూ పెట్టి ఉంటారని కాలరమ్మకి ఇప్పుడు అంతుపట్టినట్టే అనిపించింది.

తిన్నగా వాచ్‌మన్ దగ్గరికెళ్ళింది.

"ఆ ముసలావిడ వచ్చే పోయే ఆడవాళ్ళని పట్టుకుని ఏవేవో అడుగుతోంది. మాకు ఇబ్బందిగా ఉంది."

వాచ్‌మన్ చేరి వారమే అయింది. రోడ్డు దాటి వెళ్ళి గట్టిగా ఏదో అన్నాడు. పెద్దావిడ నీళ్ళ సీసా బెంచీ మీద పెట్టి, ఇటువైపు ఒకసారి చూసి, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి రాలేదు.

ఆ ఆదివారం కాలరమ్మ, ఆమె భర్త తమకున్న ఒక్క గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు.

"ఉంచుకుందాం," అన్నాడు.

"ఉంచుకుని?"

"నువ్వు పని మానెయ్."

"అద్దె?"

అతను వేళ్ళ మీద ఏదో లెక్క వేసి, చెయ్యి దించేశాడు.

"పోనీ మా అమ్మని…" అని తనే ఆగిపోయింది. వాళ్ళమ్మకి చూపు ఆనదు. అత్తగారు పోయి మూడేళ్ళు.

సందు చివర పసిపిల్లల్ని చూసే చోటుకి అతను ముందురోజే వెళ్ళి కనుక్కొచ్చాడు. ఆమె జీతమంతా పట్టుకెళ్ళి వాళ్ళ చేతిలో పోసినా, పాలకి వేరే ఇవ్వాలట.

"పగటిపూట చూసే మనిషి ఒక్కరుంటే చాలు," అందామె. "ఒక్కరు. ఎలాగో ఈదుకొచ్చేవాళ్ళం."

"రెండేళ్ళు ఆగుదాం."

"పెళ్ళయినప్పుడూ రెండేళ్ళే అన్నావు. ఇప్పుడు నాకు ముప్ఫయ్యయిదు."

అతను లేచి వెళ్ళి కుళాయి గట్టిగా బిగించాడు. అదేమీ కారడం లేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కాగితాలు చూసి అడిగింది.

"ఈ వయసులో మళ్ళీ నిలుస్తుందని మాటివ్వలేను. బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకునే వచ్చామండీ," అంది కాలరమ్మ.

పంటినొప్పి అని చీటీ రాసి ఒక్క రోజు సెలవు పెట్టింది. రెండోరోజు మామూలుగానే కాలర్ల కట్ట ముందేసుకుని కూర్చుంది. కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ కదులుతుంటే పక్క మెషీనామె అడిగింది.

"ఏమైంది నీ పన్ను? పీకించావా?"

"పీకించేశాను."

ఇంకో రెండు వారాలు గడిచాయి.

భోజనాల వేళ ఫ్యాక్టరీ వెనక వ్యాను ఆగింది. ఇద్దరు మనుషులు బుల్లి బుల్లి ఇనప మంచాలు మోసుకొచ్చి దాంట్లో ఎక్కిస్తున్నారు. పసివాళ్ళు దొర్లి పడకుండా చుట్టూ కమ్మీలున్న మంచాలు.

"ఇవెక్కడివి బాబాయ్?" అని స్టోర్‌కీపర్ని అడిగింది.

"మనవేనమ్మా. కుట్టేవాళ్ళ పిల్లల కోసం లోపల గది ఉండేది. పైసా ఖర్చు లేదు. పిల్లలు రావడం మానేసి ఐదేళ్ళయింది. తాళం వేసేశారు."

"మాకెవరూ చెప్పలేదే."

"కాంట్రాక్టు వాళ్ళకి అవన్నీ ఎవరూ చెప్పకూడదని ఆఫీసులో గట్టిగా అన్నారు. ఇప్పుడు ఆ గది సరుకు పెట్టుకోవడానికి కావాలన్నారు. నెలాఖరులోపు ఒక్క బిడ్డ పేరు నమోదైనా దాని జోలికి రామన్నారు. కడుపులో ఉన్నా సరేనట. అలా నమోదైన తల్లిని పనిలోంచి తియ్యడానికి కూడా వీల్లేదు. అయినా ఏం లాభం, ఒక్కరూ దొరకలేదు."

కాలరమ్మ ఇంకా ఎక్కించని మంచం కమ్మీ ఒకటి పట్టుకుంది.

"ఎవరైనా వచ్చి మమ్మల్ని అడిగితే కదా బాబాయ్."

స్టోర్‌కీపర్ రశీదు మీద సంతకం పెడుతూ, తలెత్తకుండానే అన్నాడు.

"అడక్కపోవడమేంటమ్మా, ఇరవయ్యేళ్ళు ఆ గదిలో పిల్లల్ని సాకిన ఆయా, జీతం లేకపోయినా మళ్ళీ వచ్చి చూస్తానని ఆఫీసులో రాసిచ్చి మరీ, ఆ ఒక్క బిడ్డ కోసం రోజూ బస్టాపులో నిలబడి మిమ్మల్నందర్నీ అడిగింది కదా."