కాగితం మీద విడాకులు

"ఉంగరం తియ్యి," అన్నాడు వెండెల్, అటూ ఇటూ చూస్తూ.

కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్న నోరీన్ ఉంగరాన్ని తిప్పి తిప్పి లాగింది. రాలేదు. మందుల పుణ్యమా అని వేళ్ళు ఉబ్బిపోయాయి. వెండెల్ కోటు జేబులోంచి చిన్న లోషన్ సీసా తీసి ఆమె వేలికి రాశాడు. ఇన్నేళ్ళుగా కదలని ఉంగరం జారి అతని అరచేతిలో పడింది.

"సీసా కూడా తెచ్చావా!"

"నీ సంగతి నాకు తెలీదా? చూడు, జడ్జి ముందు నా వైపు అస్సలు చూడకు. చూశావంటే నీ మొహంలో అంతా తెలిసిపోతుంది. ఇవి ఉత్తుత్తి విడాకులని ఆవిడ పసిగట్టిందా, ఇక నీ మందు హుళక్కే."

నరాల జబ్బు నోరీన్ కుడికాలిని ఇప్పటికే సగం తినేసింది. ఆర్నెల్లకోసారి చేతి నరంలోకి ఎక్కించే కొత్త మందు ఒక్కటే దాన్ని ఆపగలదని డాక్టరమ్మ చెప్పింది. ఈలోపు మళ్ళీ తిరగబెడితే మాత్రం ఆ కాలు ఇక పోయినట్టేనట. వెండెల్ పనిచేసే గాజు ఫ్యాక్టరీ తరఫున ఇన్సూరెన్సు ఉంది, కానీ వాళ్ళేమో అంత ఖరీదైన మందుకు మేం కట్టం పొమ్మన్నారు.

ఇల్లు, కారు, ఒళ్ళు - మూడింటి ఇన్సూరెన్సులూ మొదటినుంచీ వెండెలే చూసుకునేవాడు. ఎంతవరకు మనం పెట్టుకోవాలో, ఎక్కణ్ణించి వాళ్ళు పెడతారో చదవబోతే నోరీన్‌కి కళ్ళు తిరిగేవి. ఫోన్ చేస్తే గంటసేపు పాట వినిపించి, తీరా మనిషి పలికే వేళకి లైను కట్ చేసేవాళ్ళు. "ఆ తిప్పలు నాకొదిలెయ్, నువ్వు పడుకో," అనేవాడు వెండెల్. ఆస్పత్రిలో కూడా తన నంబరే ఇచ్చాడు. ఇంత మంచి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు!

ఈ ఉపాయమూ అతనిదే. భార్యగా ఉన్నంతకాలం అతని జీతం ఆమె లెక్కలోకే వస్తుంది. అదే విడాకులు తీసుకుని చిల్లిగవ్వ లేకుండా నిలబడితే, పేదవాళ్ళకిచ్చే సర్కారు ఇన్సూరెన్సు వస్తుంది, ఆ మందూ వస్తుంది. వాళ్ళ వీధిలోనే ఒక ముసలి జంట అలా చేసి, ఇప్పటికీ ఒకే ఇంట్లో హాయిగా ఉంటున్నారు. అందుకే ఇల్లు వెండెల్ పేరుకు మారింది. బ్రేకు మీద కాలు నిలవని మనిషి పేరుంటే ఇన్సూరెన్సు పెరుగుతుందని కారూ మారింది. ఈ విడాకుల మాట చెప్పిన రోజు వెండెల్ ఆమె ఒళ్ళో తలపెట్టి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"హేగర్టీ దంపతులు!" అని గుమాస్తా పిలిచాడు.

జడ్జి కళ్ళద్దాల పైనుంచి నోరీన్‌ని తేరిపార చూసింది.

"ఇల్లు ఆయనకే, కారూ ఆయనకే. మరి మీకేంటమ్మా?"

"నాకేం వద్దండి."

"నెలనెలా భరణం?"

"వద్దండి."

"లాయర్ని కూడా పెట్టుకోలేదు. మిమ్మల్నెవరైనా బెదిరించారా?"

నోరీన్ వెండెల్ వైపు చూడబోయి తమాయించుకుంది. "లేదండి. ఈయన మొహం చూడలేకపోతున్నాను. ఈయన సొమ్ము ఎర్ర ఏగానీ కూడా నాకొద్దు," అని గడగడా అప్పజెప్పేసింది.

"మీరేమంటారు?" అని జడ్జి వెండెల్‌ని అడిగింది.

"నాకు విసుగొచ్చేసిందండి," అన్నాడు వెండెల్, కిటికీ వైపు చూస్తూ. "జబ్బుమనిషికి చాకిరీ చేసి చేసి నా బతుకు తెల్లారిపోయింది. నన్నిక వదిలెయ్యమనండి."

నోరీన్ కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. అమ్మో, ఏం నటన! ఇంట్లో అద్దం ముందు నిలబెట్టి ఆమె చేత పదిసార్లు అనిపించాడు గానీ, తను మాత్రం ఒక్కసారి కూడా అని చూసుకోలేదు.

"ఆఖరి మాట," అంది జడ్జి, కలం ఎత్తి. "ఈ సంతకంతో ఆయన ఇన్సూరెన్సులోంచి మీ పేరు పోతుంది. అదే ఇన్సూరెన్సు కొనసాగించుకోవాలంటే మొత్తం ఖర్చు మీరే పెట్టుకోవాలి. అర్థమైందా?"

"అర్థమైందండి."

"నిజంగానే అర్థమైందా అమ్మా?"

పసిగట్టేసిందా ఏం కొంపదీసి? నోరీన్ చేతికర్రను రెండు చేతులా బిగించి పట్టుకుంది. "నిజంగానేనండి."

జడ్జి నిట్టూర్చి సంతకం పెట్టింది.

వరండాలోకి రాగానే నోరీన్ పట్టలేని సంతోషంతో అతని చెయ్యి పట్టుకోబోయింది. వెండెల్ వెనక్కి జరిగాడు.

"పిచ్చిదానా, ఎవరైనా చూస్తారు! తిన్నగా బస్సెక్కి మీ అక్క దగ్గరికి వెళ్ళు. సర్కారు వాళ్ళు ఆరా తీస్తారేమో, కొన్నాళ్ళు ఫోన్ కూడా చెయ్యకు. దరఖాస్తు సంగతి నేను చూస్తాలే."

"బస్టాండు దాకా అయినా దింపవా?"

"మనకి విడాకులయ్యాయి మేడమ్!" అని కన్నుగీటి, తాళాలు ఆడించుకుంటూ వెళ్ళిపోయాడు. నోరీన్‌కి నవ్వాగలేదు.

ఆమె చూపించుకునే ఆస్పత్రి కోర్టుకు ఎదురుగానే ఉంది; సర్కారు ఇన్సూరెన్సు దరఖాస్తులూ అక్కడే తీసుకుంటారు. పాపం, అన్నీ అతనే మొయ్యాలా? ఈ దరఖాస్తు ఒక్కటైనా తనే పెట్టేస్తే అతనికో పని తప్పుతుంది. నోరీన్ కర్ర ఊతంతో మెల్లిగా రోడ్డు దాటింది.

"నోరీన్ గారూ! ఎన్నాళ్ళకి కనిపించారు!" అంది కౌంటరులో అమ్మాయి.

నోరీన్ పరీక్ష నెగ్గినంత గర్వంగా కోర్టు కాగితం ఆమె ముందు పెట్టింది. "విడాకులయ్యాయమ్మా. ఫ్యాక్టరీ ఇన్సూరెన్సులో ఇక నేను లేను. నన్ను సర్కారు ఇన్సూరెన్సులోకి ఎక్కించు. నా మందు ఎప్పుడిస్తారో చెప్పు."

అమ్మాయి కంప్యూటరు వంక చూసింది. కాగితం వంక చూసింది. మొహం పాలిపోయింది.

"మీ మందుకి ఫ్యాక్టరీ ఇన్సూరెన్సు వాళ్ళు పోయిన నెలే ఒప్పుకున్నారని మీ ఆయనకి చెప్పాం కదమ్మా!"