అరవై రెండు మంది

"మాస్టారూ, సంఘం మెయిళ్లకి ఈ కొత్త సాఫ్ట్‌వేరే తీసుకుందామండి. కంప్యూటర్ రానివాళ్లకీ తేలిక. ఎవరెవరు తెరిచి చూశారో కూడా చూపిస్తుంది," అంది సంఘం కంప్యూటర్ పనులు చూసే రెబెక్కా.

కొవ్వూరు రిటైర్డ్ టీచర్ల సంఘానికి ఆరేళ్లుగా వారం వారం ఉత్తరం రాస్తున్న అబ్రహాము మాస్టారు ఆత్రంగా ముందుకు వంగారు. "ఈ నెల ఉత్తరాలు ప్రయోగంగా దీంట్లోంచే పంపాం కదమ్మా. ఎంతమంది చూశారు?"

రెబెక్కా లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. అరవై రెండు మందిలో ఉత్తరాలు తెరిచింది ఒక్కరే. ఆయన భార్య సంపూర్ణమ్మ.

అంతలో ఆవిడే కాఫీ పట్టుకొచ్చింది. "ఈ వారం ఉత్తరం ఇంకా రాయలేదేంటండీ? అందరూ ఎదురుచూస్తుంటారు!"

మాస్టారు చప్పున లాప్‌టాప్ మూసేశారు. "ఇవాళే రాస్తాను," అన్నారు భార్యతో.

తర్వాత రెబెక్కా ముఖం చూడకుండా, "పాతదే ఉంచమ్మా. అందరికీ అదే అలవాటు," అన్నారు.