నిలవని నూనెపుల్ల

"గది దొరికింది!"

ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే కొత్త కోడలు వంటింట్లోంచి పెరట్లోకి ఒక్క పరుగు తీసింది. సముద్రానికి ఎదురుగా, కిటికీ తెరిస్తే అలలు కనిపించే గది. రేపట్నుంచి మూడు రోజులు! పెళ్ళయిన ఈ రెండు నెలల్లో వాళ్ళిద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్ళడం ఇదే మొదలు.

పెరట్లో కోత యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. అంతలో టప్పుమని, ఇంజన్లో నూనె కొలిచే పుల్ల పైకి ఎగిరింది. వెనకే నల్లటి నూనె చిమ్మి ఆమె మొగుడి మొహానికి మీసాలు దిద్దింది.

"ఆపరా, ఆపు!" అరిచారు మామగారు.

పొద్దుట్నుంచి ఆయన ఆ పుల్లను మూడుసార్లు బిగించారు. గుడ్డపీలికతో ఒకసారి, తీగతో ఒకసారి, సైకిల్ ట్యూబు ముక్కతో ఇంకోసారి. బిగించినకొద్దీ అది మరింత పంతంగా లేస్తోంది.

"ఇంజన్ బోరుకొచ్చుంటుంది, లోపలంతా అరిగిపోయుంటుంది, మొత్తం విప్పాల్సిందే అంటున్నాడు నాన్నా మెకానిక్. వారం పడుతుందట," అన్నాడు కొడుకు.

"అవతల చేలన్నీ కోతకొచ్చి నిలబడితే వారమా? ఇది బాగయ్యేదాకా ఇంట్లోంచి ఒక్కరూ కదలడానికి వీల్లేదు!"

"మరి గది దొరికింది మామయ్యా..."

"ముందు దీన్ని బాగవనీ తల్లీ."

మొగుడు నూనె మీసాలతో ఆమెకేసి దిగాలుగా చూశాడు. ఆమె చున్నీ నడుముకు బిగించింది.

"కొంచెం జరగండి."

"నీకెందుకమ్మా? ఒళ్ళంతా నూనవుతుంది."

"సబ్బుంది కదా మామయ్యా!"

పుల్ల ఎందుకు ఊడుతోందనే అందరూ చూస్తున్నారు. అది ఊడటం లేదు, లోపల్నుంచి ఏదో తోస్తోంది. నిన్న వంటింట్లో కుక్కరు కూడా అంతే. ఆవిరి పోయే కన్నంలో పప్పుబద్ద ఒకటి ఇరుక్కుంటే మూత పక్కల్నుంచి ఒకటే బుసలు.

"ఏమండీ, లోపలి గాలి బయటికి పోవడానికి దీనికి దారేదీ లేదా?"

"ఉంది, ఆ గొట్టం. కిందిదాకా వస్తుంది. దాన్నెవరు చూస్తారు?"

ఆమె గోనెపట్టా పరుచుకుని యంత్రం కిందికి దూరింది. లోపల్నుంచి నవ్వు వినిపించింది.

"ఎవరూ చూడరని తెలిసే, ఎవరో కాపురం పెట్టేశారండీ ఇందులో!"

గొట్టం మూతి నిండా ఎండిన మట్టి. యంత్రం పనిలేకుండా ఉన్న నెలల్లో కందిరీగ తీరిగ్గా గూడు కట్టుకుంది. ఆమె గొట్టం ఊడదీసి, విరిగిన గొడుగు పుల్లతో పొడిస్తే గుప్పెడు మట్టి రాలింది. కడిగి, ఆరబెట్టి బిగించింది. నూనెపుల్లకు అరిగిపోయిన రబ్బరు రింగు మార్చి దించేసరికి టక్కున కూర్చుంది.

"పైన తీగ కట్టనా?"

"వద్దు మామయ్యా. దాని మానాన దాన్ని వదిలేయండి."

యంత్రం చేలోకి దిగింది. గంట నడిచింది, రెండు గంటలు నడిచింది. మామగారు తన తెల్ల తువ్వాలును పుల్ల చుట్టూ అద్ది, వెలుతురుకెత్తి చూశారు. చుక్క లేదు!

"బోరూ లేదు, గీరూ లేదు!" మొగుడు ఈల వేశాడు. ఆమె కాళ్ళు నేలమీద ఆనితే ఒట్టు.

సాయంత్రం ఆమె పెట్టె సర్దుతుంటే మామగారు గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో యంత్రం తాళాలు.

"ముప్పై ఏళ్ళుగా ఇవి ఎవరి చేతిలోనూ పెట్టలేదమ్మా. కోతల రోజుల్లో దాన్నొదిలి గడప దాటింది లేదు. మావాడికి తోలడం వచ్చు గానీ దాని జబ్బు కనిపెట్టడం రాదు. ఇన్నాళ్ళకి మనిషి దొరికింది." తాళాలు ఆమె అరచేతిలో పెట్టారు. ఆమెకు కళ్ళు చెమర్చాయి.

ఆయన వెనకనుంచి అత్తగారు కొత్త చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చారు.

"ఆ పెట్టె ఇలా ఇచ్చెయ్ అమ్మాయ్. రేపు తొలి బస్సుకి సముద్రం చూడబోయేది నేనూ మీ మామగారూ. మూడు రోజులు యంత్రమూ, ఇల్లూ, మీ ఆయనా నీ చేతిలోనే!"