ఆలస్యంగా వచ్చిన లారీ

నడిరోడ్డు మీద కారు ఆగిపోయింది.

ఆగింది బావ కారు. నడుపుతున్నది బావమరిది.

కరెంటుతో నడిచే ఆ కారు కొని నెల కూడా కాలేదు. బావ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఆయన ఊరెళ్ళిన సమయం చూసి అక్క గుట్టుచప్పుడు కాకుండా తాళం తమ్ముడి చేతిలో పెట్టింది. స్నేహితుల ముందు దర్జాగా కారు దిగాలని వాడి ముచ్చట.

ఆరింటికి బావ రైలు దిగుతాడు. ఇప్పుడు రెండు.

స్క్రీను నల్లబడింది. గేరు కదలదు. వెనకాల హారన్లు చెవులు చిల్లులు పొడుస్తున్నాయి.

బావమరిది కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు.

"అరగంటలో లారీ వచ్చేస్తుంది సార్. ఉచిత సేవ సార్," అంది అవతలి అమ్మాయి.

గంట తర్వాత మళ్ళీ చేశాడు.

"అరగంటలో వచ్చేస్తుంది సార్."

ఆ అరగంట అరిగేదీ కాదు, తరిగేదీ కాదు.

ఈలోగా అక్క ఫోను. "ఎక్కడ చచ్చావురా? గీత కూడా పడకుండా తీసుకురా. నేనే ఇచ్చానని మీ బావకి తెలిస్తే ఇంక జన్మలో నా మాట నమ్మరు."

"వచ్చేస్తున్నానక్కా," అన్నాడు, ఫుట్‌పాత్ మీద తల పట్టుకుని కూర్చుని.

పక్కనే ఉన్న టైర్ల కొట్టాయన తాడు పట్టుకుని వచ్చాడు.

"నా జీపుకి కట్టి లాగేస్తా బాబూ. చిటికెలో పని."

"కట్టండి! ఆ కంపెనీవాళ్ళని నమ్ముకుంటే నా కొంప మునుగుతుంది."

ముడి పడుతుండగా లారీ వచ్చి ఆగింది. కార్లు ఎక్కించుకునే పొడవాటి బల్ల లారీయే. కానీ బల్ల నిండా మంచం, బీరువా, పరుపులు, బకెట్లు. ముందు డ్రైవరు పక్కన ఒకావిడ, ఒళ్ళో గోడ గడియారం పెట్టుకుని కూర్చుంది.

బావమరిదికి ఒళ్ళు మండిపోయింది.

"ఇప్పుడా రావడం? గంటన్నరగా ఎండలో మాడుతున్నాను!"

"సార్, నేను..."

"సాకులు చెప్పకు! కారు ఎక్కించడానికి వస్తూ ఈ సామాన్లేంటి? ఈ ప్యాసింజరేంటి? సైడు బిజినెస్సా?"

లారీ అతను ఆవిడ వంక చూశాడు. ఆవిడ తల ఊపింది.

అతను దిగి, "ముందు ఆ తాడు విప్పండి," అన్నాడు.

"ఎందుకట?" టైర్ల కొట్టాయన గయ్‌మన్నాడు.

"ఈ కారు చక్రాలు నేల మీద తిరిగితే లోపల మోటారూ తిరుగుతుందండి. కరెంటు పుట్టి, వేడెక్కి, కాలిపోయినా కాలిపోతుంది. నాలుగు చక్రాలూ బల్ల మీదికి ఎక్కాల్సిందే."

"మరి ఎక్కించవయ్యా!"

"సామాను దించాలి సార్. కాస్త చెయ్యి వేస్తారా?"

"నీ సామాను నేను మొయ్యాలా? బాగుంది వరస!" అన్నాడు బావమరిది.

చివరికి గొణుక్కుంటూనే టైర్ల కొట్టాయన బీరువాకి భుజం పట్టాడు. సామానంతా ఫుట్‌పాత్ మీదికి చేరింది. ఆవిడ గడియారం పట్టుకుని దిగి మంచం పట్టె మీద కూర్చుంది.

"ప్యాసింజరు గారూ, మీరు వేరే బండి చూసుకోండి," అన్నాడు బావమరిది.

ఆవిడ నవ్వింది.

లారీ అతను వైర్లు తెచ్చి కారులోని చిన్న బ్యాటరీకి తగిలించాడు. స్క్రీను వెలిగింది, గేరు వదులైంది. ఇనుప తాడుతో కారుని అంగుళం అంగుళం పైకి లాగాడు.

"జోరుగా లాగవయ్యా!"

"అడుగున మొత్తం పెద్ద బ్యాటరీయే సార్. రాసుకుందంటే ప్రమాదం."

కారు కదలకుండా కట్టే బెల్టులు కూడా అడుగున వేయలేదు. చక్రాలకే వేశాడు. తళతళలాడే ముందు చక్రాలకి గీతలు పడతాయని మూటలోంచి రెండు దుప్పట్లు తీసి, మడిచి, బెల్టుల కింద పెట్టాడు. బావమరిది అదేమీ చూడలేదు. లారీ అతని మీద హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేసే పనిలో ఉన్నాడు.

సర్వీసు సెంటరు దాకా లారీ నింపాదిగా వెళ్ళింది. దారి పొడవునా బావమరిది సణుగుతూనే ఉన్నాడు.

కారు దించాక, "వస్తాను సార్," అన్నాడు లారీ అతను.

బావమరిది కాగితాల మీద సంతకాలు పెడుతూ తలెత్తలేదు. ఉచిత సేవ కదా, థాంక్స్ కూడా ఖర్చు పెట్టలేదు.

ఐదింటికల్లా కారు సిద్ధమైంది.

"చిన్న బ్యాటరీ పోయింది, మార్చేశాం," అన్నాడు మెకానిక్కు. "నయం, తాడు కట్టి లాక్కురాలేదు. ఈ దుప్పట్లు మీవేనా?"

అప్పుడే హెల్ప్‌లైన్ నుంచి ఫోను వచ్చింది.

"సార్, మా లారీ ఇంకా ట్రాఫిక్‌లోనే ఉంది. మీరు ఫిర్యాదు చేసింది ఎవరి మీదో మాకు అర్థం కావడం లేదు."

బావమరిది ఫోను చెవి దగ్గర్నుంచి దించాడు. దుప్పట్ల వంక చూశాడు. ఒకదాని అంచున చిరుగు, దానికి పొందికగా వేసిన కుట్లు.

కారుని ఇందాక ఆగిపోయిన చోటికే పరుగు పెట్టించాడు. ఫుట్‌పాత్ ఖాళీగా ఉంది.

"వాళ్ళేరండీ?"

"ఇప్పుడే వెళ్ళిపోయారు," అన్నాడు టైర్ల కొట్టాయన నడుం రుద్దుకుంటూ. "ఆ బీరువా మళ్ళీ నా చేతే ఎత్తించారు."

"ఎక్కడికి?"

"ఇల్లు మారుతున్నారట. ఆ కొత్త ఇల్లు ఎక్కడో నేనడగలేదు."

"మరి ఆవిడ?"

"అతని భార్య."

బావమరిది సిగ్గుతో చచ్చిపోయాడు. దుప్పట్లు చంకలో అలాగే ఉన్నాయి.

"నన్ను చూసి ఆగి, నా చేత అన్ని మాటలు పడ్డాడా ఆయన!"

"ఆయన నిన్ను చూడనే లేదట బాబూ, 'పాపం, ఎవరో అబ్బాయి ఏడ్చేలా ఉన్నాడు, మన సామాను కాస్త ఆలస్యమైతే ఏం' అని లారీ ఆపించింది ఆవిడే."