వకుళ గొంతు

కర్నూలులో ఇప్పుడు ఫోను మోగితే ఎవరూ ఎత్తరు. చెవి వెనక అంటించుకున్న గింజంత యంత్రమే మన గొంతుతో బదులు చెబుతుంది. కాలేజీలో విజ్ఞానశాస్త్ర చరిత్ర చెప్పే వకుళ కూడా ఫోన్లన్నీ దానికే వదిలేసింది. తప్పెట మోత నుంచి టెలిగ్రాం దాకా మనిషి దూరాన్ని ఎలా జయించాడో ఆమె పిల్లలకు కళ్లకు కట్టినట్టు చెబుతుంది. ఎవరేం మాట్లాడారో యంత్రం చెప్పబోతే మాత్రం వినే తీరిక ఉండదు.

ఆదివారం ఆదోని నుంచి చెల్లెలు హేమ వచ్చింది. ఇద్దరూ వంటింట్లో కూర్చుని అనపకాయలు వలుస్తున్నారు.

"కడుపు పోయిన పొద్దు నువ్వు ఫోన్లో అట్ల మాట్లాడకపోయింటే నేను బతికిండేదాన్ని కాదక్కా," అంది హేమ.

వకుళ చేతులు ఆగిపోయాయి. చెల్లెలికి నెల తప్పిన సంగతే ఆమెకు తెలియదు.

"ఆ పొద్దు నువ్వన్న మాట ఇంకొకసారి చెప్పక్కా."

యంత్రం చెవిలో అందించింది. వకుళ పలికింది. "వాడికి నేను పెద్దమ్మను. నీ ఏడుపులో సగం నాదే హేమా."

హేమ ఆమె ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది. వకుళ ముఖం సిగ్గుతో కాలిపోయింది.

"ఇకముందు కూడా హేమతో నేనే మాట్లాడనా?" అని అడిగింది యంత్రం.

"వద్దు!" అంది వకుళ పైకే.

హేమ తలెత్తింది. "ఎవురితో అంటుండావక్కా?"

వకుళ యంత్రాన్ని పీకి కింద పెట్టి, తలెత్తకుండా ఉన్నదంతా చెప్పింది. హేమ ఆమె ఒడిలోంచి లేచి ఎడంగా కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"అయితే ఆ పొద్దు నేనొక్కదాన్నే ఏడ్చినానా?"