అక్కగారు వచ్చేదాకా

"ఎంతుందమ్మా?"

"నలభై శాతం ఉందండి."

గంటకోసారి మాస్టారి భార్య గంగాదేవిగారు అడగడం, లక్ష్మీతులసి బ్యాటరీ మీటరు చూసి చెప్పడం. నిన్న మధ్యాహ్నం నుంచీ ఇదే తంతు.

తుఫాను కరెంటు స్తంభాలన్నిటినీ పడగొట్టి పోయింది. ఊరు మొత్తానికి మోటారు చప్పుడు వినిపిస్తున్నది గోవిందరాజులు మాస్టారి ఇంట్లోనే. అది నడుస్తున్నది ఆయన శిష్యురాలు తులసి, ఉప్పులో ఉండే సోడియంతోనూ గంధకంతోనూ చేసిన బ్యాటరీ మీద.

అలాంటి బ్యాటరీ కొత్తేమీ కాదు. కాకపోతే పాతవాటికి మూడొందల డిగ్రీల వేడి కావాలి. ఇంట్లో కొలిమి పెట్టుకుని కూర్చోలేం కదా! మామూలు గది వేడికే పనిచేయించాలని అమలాపురంలో ఓ కాలేజీ ల్యాబ్‌లో మాస్టారు మొదలుపెట్టారు. తులసి పట్టుకుంది. ఆరేళ్ళు పోయాయి. గంధకం లోపల కరిగిపోయేది, బ్యాటరీ చచ్చేది. కొబ్బరిచిప్పల బొగ్గులో గంధకాన్ని పట్టి ఉంచాక, ఈమధ్యే కాస్త దారికొచ్చింది.

ఈలోగా మాస్టారి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ పెట్టారు. కరెంటు పోయినా అది ఆగకూడదని తులసి పెద్ద బ్యాటరీ కట్టింది. ఖర్మ కాకపోతే, తుఫాను వచ్చిన రోజు అది ల్యాబ్‌లోనే ఉండిపోవాలా? రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు తప్పించుకుని ట్రాక్టరు మీద తెచ్చేసరికి నిన్న మధ్యాహ్నమైంది.

మాస్టారి అక్క పాపాయమ్మగారు కె.గంగవరం నుంచి రావాలి. గోదావరి దాటించే పంటు ఆగిపోయింది, వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. ఆవిడ తమ్ముణ్ణి చూసేదాకా మోటారు ఆగకూడదు. అందరి బెంగా అదే.

"వదినగారు ఎక్కడిదాకా వచ్చేరు, కొండబాబూ?"

"రావులపాలెం దాటేరండి" అన్నాడు పక్కింటి కొండబాబు, ఫోను చెవి దగ్గర్నుంచి తీస్తూ. "ఉప్పుతో కరెంటేంటని ఈ అమ్మాయిని చూసి నవ్వేనండి. తప్పైపోయిందండి."

"ఆగిపోదు కదమ్మా?" అన్నారు గంగాదేవిగారు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆగదండి" అంది తులసి. ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు. ఆ బ్యాటరీ ఇంతసేపు ఎన్నడూ నడవలేదు.

ఇరవై. పన్నెండు. ఏడు.

నాలుగు శాతం దగ్గర వాకిట్లో ఆటో ఆగింది. పాపాయమ్మగారు తడి చీరతోనే లోపలికొచ్చి తమ్ముడి పక్కన కూలబడ్డారు.

"వచ్చేనురా నాయనా" అన్నారు.

ఆవిడ కళ్ళారా చూసుకున్నాక తులసి వైరు పీకేసింది. నలుగురు మగవాళ్ళు ఫ్రీజర్ బాక్సు అద్దం మూత తీసి, మాస్టారిని పాడె మీదికి దించారు.